వానాకాలంలో లాన్స్‌డౌన్: వెలుతురుండగానే కొండెక్కండి

పంద్రాగస్టు సెలవులు కలిసొస్తే ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్లలో చాలామందికి ఉత్తరాఖండ్ కొండల్లోని లాన్స్‌డౌన్ గుర్తొస్తుంది. ముస్సోరీ మాల్ రోడ్డు మీది తోపులాట ఇక్కడ ఉండదు. 1887లో తెల్లవాళ్లు పటాలం కోసం కట్టుకున్న ఊరిది. అసలు పేరు కాలూడాండా, అంటే నల్లకొండ. ఇప్పటికీ గఢ్వాల్ రైఫిల్స్ కంటోన్మెంటే కాబట్టి ఇష్టమొచ్చినట్టు పెరగలేదు. ఎత్తు 1,700 మీటర్లే, ఆక్సిజన్ గురించి బెంగ అక్కర్లేదు. బెంగపడాల్సిందల్లా కొండ కిందనున్న కోట్‌ద్వార్ ఊరి నుంచి పైకెళ్లే 40 కిలోమీటర్ల గురించే.

ముందు తేదీ చూసుకోండి. శివభక్తులు గంగనీళ్లు కావళ్లలో మోసుకెళ్లే కావడి యాత్ర రోజుల్లో, ఢిల్లీ నుంచి వచ్చే మీరట్, బిజ్నౌర్ దార్లలో వాహనాలను మళ్లిస్తారు, గంటలు గంటలు పోతాయి. మనవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే: యాత్ర శ్రావణంలో అని విని మన పంచాంగం తిరగేస్తారు. ఉత్తరాదిలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, అందుకని వాళ్ల శ్రావణం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. మన లెక్కలో అది ఆషాఢ బహుళం. ఆ పక్షం దాటాక వెళ్లండి.

ఢిల్లీలో తెల్లారకముందే బయల్దేరి, మధ్యాహ్నానికల్లా కోట్‌ద్వార్ చేరాలి. పెట్రోలు, డబ్బు, మందులు అక్కడే చూసుకోండి. షేర్ జీపు వాళ్లను ‘ఊపర్ రాస్తా ఖులా హై?’ (పైన దారి తెరిచే ఉందా?) అని ఒక్క మాట అడగండి. పొద్దున పైనుంచి దిగినవాడి మాట ఫోన్లో మ్యాప్ కంటే నమ్మకం. సాయంత్రమైపోతే మొహమాటం లేకుండా కోట్‌ద్వార్‌లోనే గది తీసుకోండి. పైన గదికి కట్టిన డబ్బు పోతే పోయింది.

దారిలో వచ్చే దుగడ్డా ఊరి దాకా ఒకవైపు ఖోహ్ నది, ఒకవైపు కొండ. వాన వెలిసింది కదా అని ధీమా వద్దు, నానిన మట్టి ఎండ కాశాక కూడా జారుతుంది. రోడ్డు మీద చిన్న చిన్న రాళ్లు అప్పుడే రాలినట్టు కనిపిస్తే పైనుంచి ఇంకా వస్తాయని అర్థం. అక్కడ ఆగి ఫోటోలు తీయకండి, దూరంగా వెనక్కి వెళ్లి చూడండి. రోడ్డుకు అడ్డంగా నీళ్లు పారుతుంటే ముందు లారీ దాటింది కదా అని దిగొద్దు. లారీ బరువు వేరు, మీ కారు బరువు వేరు. వాన ఆగితే కొండవాగు పొంగినంత త్వరగానూ తగ్గుతుంది, ఓపిగ్గా కూర్చోండి.

ఈ ముక్కలోనే ఏనుగులు రోడ్డు దాటుతాయి, ముఖ్యంగా మునిమాపు వేళ. హారన్ కొట్టొద్దు, లైట్లు ఆర్పి ఆర్పి వెలిగించొద్దు, కిందికి దిగనే దిగొద్దు. దూరంగా ఆపితే వాటి దారిన అవి పోతాయి.

ఎక్కే బండికి దిగేవాళ్లు దారివ్వాలి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగుల్చుకుందామనే తెలివి వద్దు, బ్రేకులు కాలిపోతాయి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మాత్ర అరగంట ముందే వేసుకోవాలి. రెండో మలుపులో వేసుకుంటే అది కవర్లోకే వస్తుంది.

పైకెళ్లాక జాగ్రత్తలు తక్కువే. చీకటి పడ్డాక చిరుతపులి భయం ఉంటుంది, పిల్లల్ని రిసార్టు ఆవరణలో కూడా ఒంటరిగా వదలకండి. అడవి బాటల్లో జలగలుంటాయి, సాక్సులోకి ప్యాంటు దోపుకుని ఉప్పు పొట్లం జేబులో వేసుకోండి. బ్యారక్‌లవైపు, పెరేడ్ గ్రౌండ్‌వైపు కెమెరా తిప్పొద్దు, డ్రోన్ మాటే ఎత్తొద్దు. మబ్బు కమ్మితే టిప్ ఇన్ టాప్ అనే వ్యూపాయింటు నుంచి చౌఖంబా మంచు శిఖరం కాదుగదా, ఎదుటి చెట్టు కూడా కనిపించదు. శిఖరాలే కావాలంటే అక్టోబరు, నవంబరుల్లో రండి. అదీ దాటి చలికాలంలో వస్తే మాత్రం, బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకోవద్దు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

తిరుగు ప్రయాణంలో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. కొండ దిగిన రాత్రికే హైదరాబాద్ విమానం బుక్ చేసుకున్నవాడు, ఎదురుగా రాళ్లు పడుతున్నా బండి ఆపడు.