ఫెయిలైన మార్కులు ఇంట్లో ఎలా చెప్పాలి?

సహామాహీ (అర్ధవార్షిక) పరీక్షలు దీపావళికి ముందే అయిపోతాయి. సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలో పేపర్లు చేతికిస్తారు. ఆ వారం, మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న మా ధర్మాబాదులో నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే పిల్లల ముఖం చూసి ఎవరికి ఎన్ని వచ్చాయో చెప్పగలను. ఫెయిలయ్యారని నాకు కోపం లేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పే తీరు చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఒక్క పూటలో అయిపోయే తిట్లను హోలీ దాకా సాగదీసుకుంటారు.

బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు నడిచే పిల్లల కోసం రాస్తున్నాను. మీది బిలోలీ అయినా, దెగ్లూరు అయినా పద్ధతి ఇదే.

కావలసినవి

గుణపత్రక్ (మార్కుల కాగితం), ఫెయిలైన పేపరు, సహీకి (సంతకానికి) నీలం పెన్ను. నీలమే. ఎర్ర సిరా ఆ రోజుకు పేపరు మీద ఉన్నది చాలు. తమ్ముడో చెల్లెలో ఉంటే దుకాణానికి పంపేయండి.

ఎప్పుడు

పేపరు వచ్చిన రోజు సాయంత్రమే. ఇప్పుడు ప్రతి క్లాసుకూ వాట్సాప్ గ్రూపు ఉంది. మీరు రేపు చెబుదామనుకునేలోపే మార్కుల పట్టిక ఫొటో బాపు (నాన్న) ఫోనులోకి వచ్చి కూర్చుంటుంది. నిజామాబాదు నుంచి మేనత్త వచ్చి ఉంటే మాత్రం ఆమె రైలెక్కేదాకా ఆగండి. ఆమె పిల్లల మార్కులు వినాల్సిన పని ఆ రోజు మీకు లేదు. వాయిదాకు ఇదొక్కటే కారణం. కడుపునొప్పి కారణం కాదు.

ముందు ఎవరికి

అమ్మకు. ఇందులో చర్చ లేదు. అమ్మ బీడీలు చేసే ఇల్లయితే సమయం చూసుకోవాలి. కట్టలు కట్టేటప్పుడు నోరు తెరవొద్దు. కట్టకు 25 బీడీలు. లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి ఎంచుకోవాలి, ఆ కోపం కూడా మీ మీదే పడుతుంది. తడిగుడ్డలోంచి తునికాకు తీసి, అచ్చు రేకు పెట్టి కత్తెరతో కత్తిరిస్తుంటుంది చూడండి, అప్పుడు చెప్పండి. ఆ పనికి లెక్క అక్కర్లేదు, పైగా కత్తెర చేతిలో ఉండగా లేచి రాదు.

అయితే అమ్మకు చెప్పి, బాపుకు నువ్వు చెప్పమని ఆమె మీదికి తోసేయకండి. అలా చేస్తే బాపు కోపం ఇద్దరి మీదికి పోతుంది. "నీకు ముందే తెలుసన్నట్టు" అన్న మాటతో మొదలై, మీ లెక్కల మార్కులు పోయి వాళ్లిద్దరి పెళ్లినాటి గొడవ బయటికొస్తుంది. "బాపుకు నేనే చెప్తా, నువ్వు పక్కన ఉండు" అనండి. చాలు.

బాపుకు గుణపత్రక్ చదివి వినిపించడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

మన ఇళ్లలో చాలామంది తండ్రులకు మరాఠీ చదవడం రాదు. కాబట్టి ఫెయిలైందీ మీరే, ఆ కాగితం చదివి చెప్పేదీ మీరే. రెండు పనులూ ఒకరి చేతికే వచ్చినప్పుడు బుద్ధి వంకరపోతుంది. 9ని 19గా చదవాలనిపిస్తుంది. చదవకండి. బాపుకు అక్షరాలు రావు గానీ అంకెలు బ్రహ్మాండంగా వస్తాయి. దీపావళి తర్వాత మోండాకు (పంటల మార్కెట్‌కు) సోయాబీన్ బస్తాలు వచ్చి పడుతుంటాయి. హమాలీ చేసినా, ఆడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో ఉన్నా, పొద్దంతా ఆయన చూసేది కాటా చీటీలే. ఆ మరాఠీ అంకెల్లో అరకిలో తేడా వస్తే పట్టుకునే మనిషి ముందు మీ 19 నిలవదు.

ఎదురుగా నిలబడొద్దు, పక్కన కూర్చోండి. కాగితం ఇద్దరికీ కనబడాలి. వేలు గీత కింద పెట్టి, ఫెయిలైన సబ్జెక్టుతోనే మొదలుపెట్టండి. "బాపూ, లెక్కల్ల ఫెయిలైన. బీజగణితంల నలభైకి తొమ్మిది వచ్చినయ్." ఇంతే వాక్యం. నలభైకి అన్న మాట మింగేయకండి. ఉట్టి తొమ్మిది అంటే ఆయన నూటికి తొమ్మిది అనుకుంటాడు, లేని కోపం తెచ్చుకుంటాడు. తర్వాత మిగిలిన సబ్జెక్టులు వరసగా చదవండి. మరాఠీలో 70 వచ్చినా గొంతు పెంచకండి.

చివర టీచరు రాసిన శేరా (వ్యాఖ్య) ఉంటుంది. పిల్లలంతా దాన్ని ఎగరగొడతారు. పూర్తిగా చదవండి, ముందు మరాఠీలో, తర్వాత తెలుగులో. ఒక పిల్లవాడు "చదువు మీద ధ్యాస లేదు" అన్న శేరాను "అక్షరం మంచిగుందట" అని చెప్పాడు. తర్వాత పాలక సభలో (తల్లిదండ్రుల మీటింగులో) టీచరు అదే మాటను హిందీలో చెప్పింది. బాపుకు హిందీ బాగా వచ్చు. ఆ పిల్లవాడు ఆ ఏడు క్రికెట్ బ్యాటు ముట్టుకోలేదు.

చదవడం అయ్యాక నోరు మూసుకోండి. ఈ మౌనమే అందరికీ కష్టం. ఇంట్లో ఫ్యాను చప్పుడు వినబడుతుంది, టెన్షన్‌తో ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. "కానీ" అన్న మాట మాత్రం రానివ్వద్దు. కానీ పేపరు టఫ్‌గా వచ్చింది, కానీ క్లాసులో సగం మంది ఫెయిలే, ఇవన్నీ ఆయన మొదటి తిట్టుకు ముందు అంటే సాకులు. రెండు రోజులాగి అంటే విషయాలు.

ఆయనే మొదలుపెడతాడు. "మరి గిన్ని దినాలు ఏం జేసినవ్‌రా?" దీనికి జవాబు అక్కర్లేదు. "బాసరకు తీస్కపోయి అక్షరాభ్యాసం జేపిస్తే గిదా నువ్వు జేసేది?" దీనికీ అక్కర్లేదు, అమ్మవారి పేరెత్తిన మాటకు ఎదురాడొద్దు. "పక్కింటోళ్ల పోరికి ఎన్ని?" దీనికి మాత్రం ఉన్న అంకె చెప్పండి. ఇవన్నీ అయ్యాక వస్తుంది "ఇప్పుడేం జేస్తవ్?" అని. అసలు ప్రశ్న ఇది. అప్పుడు పేపరు తెరిచి, ఏ లెక్కలు వదిలేశారో, ఏవి తప్పు చేశారో వేలు పెట్టి చూపించండి. ఇక రోజూ పద్దెనిమిది గంటలు చదువుతానని ఒట్లు పెట్టకండి. ఆయన నమ్మడు, నేనూ నమ్మను.

ముందు మంచి వార్త చెప్పి తర్వాత చెడ్డది చెప్పాలని కొందరు సలహా ఇస్తారు. డ్రాయింగులో ఫస్టొచ్చానని విని సంబరపడ్డ మనిషికి రెండు నిమిషాల్లో లెక్కల సంగతి చెబితే మోసపోయాననుకుంటాడు. నానమ్మతో చెప్పించడం ఇంకో పద్ధతి. ఆమె వెనకేసుకొస్తుంది, తిట్లు ఆమె నిద్రపోయాక పడతాయి. వాయిస్ మెసేజీ పెట్టేవాళ్లూ ఉన్నారు. మోండాలో పదిమంది మధ్య ఆయన దాన్ని స్పీకరులో వింటాడని వాళ్లకు తోచదు.

పదో తరగతి పిల్లలకు

ఈ లెక్క బాపుకు చెప్పడం మంచిది. మహారాష్ట్ర బోర్డులో లెక్కలు రెండు పేపర్లు, ఒక్కోటి 40. బడి వేసే అంతర్గత మార్కులు 20. మొత్తం 100కు 35 వస్తే పాస్. అంతర్గతంలో 17 వస్తే రెండు పేపర్లూ కలిపి 18 తెచ్చుకోవాలి. సహామాహీలో బీజగణితం 9, భూమితి (రేఖాగణితం) 7 వచ్చాయంటే ఇంకా రెండే తక్కువ. ఇలా చెబితే మనిషి కొంచెం కుదుటపడతాడు.

కానీ పురవణీ (సప్లిమెంటరీ) పరీక్ష ఉంటుందనీ, ఒకటి రెండు సబ్జెక్టులు పోయినా ఏటీకేటీ (పోయిన సబ్జెక్టులు తర్వాత రాసుకునే వెసులుబాటు) మీద పదకొండులో చేరొచ్చనీ ఆ రాత్రి అనకండి. నిజమే, రెండూ ఉన్నాయి. అయినా ఆయన చెవికి అది మళ్లీ ఫెయిలయ్యే ఏర్పాటులా వినబడుతుంది.

తాగి చెయ్యి చేసుకునే ఇల్లయితే పైన రాసిందంతా పక్కన పెట్టండి. ఒంటరిగా చెప్పొద్దు. క్లాస్ టీచరునో, బాపు మాట వినే పెద్దమనిషినో వెంట తీసుకెళ్లండి. భయం మరీ ఎక్కువైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

సహీ

కోపం తగ్గాక, అన్నం తిన్నాక అడగండి. బాపు తెలుగులో సహీ చేస్తే చేయనివ్వండి, బడివాళ్లు ఏమీ అనరు. మరాఠీలో మీరే పేరు రాసిపెట్టి దాని మీద దిద్దమంటే, రేపు టీచరు అది ఎవరి రాతని అడుగుతుంది. సహీ అయిన కాగితం ఆ రాత్రే పుస్తకంలో పెట్టేయండి. బీడీల చాటలో వదిలేస్తే పొద్దున దాని మీద తంబాకు ఉంటుంది.