పడవను నీళ్లలోకి దించే ముందు చక్రంలో ఆయిల్ చూడండి

మే నెలాఖరున మెమోరియల్ డే సెలవు వస్తుందంటే మా డాలస్ ఉత్తర శివార్లలో ఇళ్ల ముందు పడవల మీద కప్పిన పట్టాలు లేస్తాయి. అందరూ ఇంజిన్ చూస్తారు, బ్యాటరీ చూస్తారు, లైఫ్ జాకెట్లు లెక్కపెడతారు. ఆ పడవను గంటకు పైగా హైవే మీద మోసుకెళ్లి టెక్సోమా సరస్సు ఒడ్డుకు చేర్చే ట్రైలర్ చక్రాలను మాత్రం ఎవరూ పలకరించరు. చక్రాల హబ్‌లు, అంటే ఇరుసు మీద తిరిగే చక్రం నడిమి భాగాలు, గ్రీజువి కాక ఆయిల్‌తో నిండేవి అయితే ఆ నిర్లక్ష్యం ఇంకా ఎక్కువ. ‘వీటికి మెయింటెనెన్స్ అక్కర్లేదు’ అని అమ్మేటప్పుడు చెప్పిన మాట అలా బుర్రలో ఉండిపోతుంది.

ఆయిల్ హబ్‌లో ఉన్న సుగుణం దాని పారదర్శకమైన మూత. లోపల ఏం జరుగుతోందో విప్పకుండానే కనిపిస్తుంది. ట్రైలర్‌ను చదునైన నేల మీద నిలిపి, కాసేపు ఆగి చూడండి. వాలు మీద చూసిన మట్టాన్ని నమ్మవద్దు. మూత మీద గీత ఉంటే ఆయిల్ అక్కడి వరకు ఉండాలి; గీత లేకపోతే సాధారణంగా ఇరుసు మధ్యభాగానికి కాస్త పైన ఉంటే చాలు. నిండుగా పోస్తే మంచిదనుకోకండి. వేడికి ఆయిల్ వ్యాకోచించి, దాన్ని లోపల ఆపి ఉంచే సీలును తోసుకుని బయటికి వస్తుంది.

మట్టం కన్నా రంగు ఎక్కువ కథ చెబుతుంది. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరాయి. నల్లబడి మాడు వాసన వేస్తే బేరింగ్, అంటే ఇరుసు మీద చక్రం తేలిగ్గా తిరిగేలా చేసే లోహపు భాగం, వేడెక్కుతోంది. ఒక చుక్క వేలి మీద రుద్ది ఎండలో చూస్తే జరీలా మెరుస్తోందా, అది లోహం అరిగిన పొడి. ఇక ఆయిల్ మార్చి సరిపెట్టుకోవడం కుదరదు, బేరింగ్‌లు విప్పి చూడాల్సిందే. మూత మసకబారి ఏమీ కనిపించకపోతే సబ్బు నీళ్లతో తుడవండి. బ్రేక్ క్లీనర్ చల్లితే ఆ ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది.

అసలు మోసం జరిగేది మూత వైపు కాదు, చక్రం వెనక వైపు. సీలు అక్కడ ఉంటుంది. మూడేళ్ల క్రితం నేను మూతలో ఆయిల్ చూసి సంతోషించి బయలుదేరాను. టైరు లోపలి గోడ మీద తడి మచ్చ ఉంది, వంగి చూడలేదు. నలభై మైళ్ల తరువాత పెట్రోలు కోసం ఆగితే ఒక చక్రం దగ్గర మాడు కంపు, మూత ఖాళీ. గ్రీజు హబ్‌లో సీలు పోయినా చిక్కటి గ్రీజు కొంతసేపు లోపల అంటిపెట్టుకుని ఉంటుంది. ఆయిల్‌కు ఆ మొహమాటం లేదు, చక్రం తిరిగే కొద్దీ చిమ్ముకుంటూ పోతుంది. బ్రేకులున్న చక్రమైతే అది వాటి మీద కూడా పడుతుంది. అందుకే టార్చిలైటు పట్టుకుని కింద దూరి ప్రతి చక్రం వెనక వైపు వేలితో తడిమి చూడండి. బట్టలు మాసినా ఫరవాలేదు.

తరువాత జాకీ పని. ట్రైలర్‌ను కారుకు తగిలించే ఉంచి, మిగతా చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, ఒక్కో చక్రాన్ని లేపి కింద స్టాండు పెట్టాలి. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే టకటకమనకూడదు, తిప్పితే గరగరమనకూడదు.

ఆయిల్ మార్చాల్సి వస్తే తయారీదారు చెప్పిన గ్రేడే వాడండి. చాలా హబ్‌లకు 80డబ్ల్యూ-90 లాంటి గేర్ ఆయిల్ సరిపోతుంది. మట్టం తగ్గిందని పైనుంచి గ్రీజు కూరకండి. ఆ ముద్ద అడ్డుపడితే బేరింగ్‌కు ఆయిల్ అందదు. కొత్త ఆయిల్ నెమ్మదిగా పోసి చక్రం తిప్పి, లోపలి బేరింగ్ దాకా పాకే వరకు ఆగి మళ్లీ పోయాలి. తొందరపడితే నిండినట్టు కనిపించి మరునాటికి సగమవుతుంది. సీలు మార్చినప్పుడు ఇరుసు మీద అది ఆనే చోట గాడి పడిందేమో గోటితో చూడండి. గాడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది.

దారిలో మొదటి పది పదిహేను మైళ్ల తరువాత ఒకసారి ఆగి, అరచేతి వెనక భాగాన్ని ప్రతి హబ్‌కు దగ్గరగా పెట్టి చూడండి. అన్నీ వెచ్చగా ఉండి ఒకటి మాత్రం కాలిపోతుంటే ఆ చక్రంతో ముందుకు వెళ్లకండి.

పడవను నీళ్లలోకి దించే ర్యాంప్ దగ్గర వెనక క్యూ ఉన్నా తొందరపడవద్దు. వేడి హబ్ ఒక్కసారిగా చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు కాస్త బలహీనంగా ఉన్నా నీటిని లోపలికి లాగుతుంది. వేడి చెంబును నీళ్లలో బోర్లిస్తే జరిగేది ఇదే. సామాను సర్దుకుంటూ, తాళ్లు విప్పుకుంటూ పావుగంట గడపండి, ఈలోగా హబ్‌లు చల్లబడతాయి.

ఇంటికొచ్చాక ట్రైలర్‌ను రెండు రోజులు కదపకుండా ఉంచి మూతల్లోకి మళ్లీ చూడండి. అడుగున నీటి పొర గాని పాలరంగు గాని కనిపిస్తే వెంటనే మార్చేయండి, చలికాలం దాకా ఆపితే బేరింగ్ తుప్పు పడుతుంది. పడవ షెడ్డుకెక్కాక కూడా నెలకోసారి చక్రాలు నాలుగు చుట్లు తిరిగేలా ట్రైలర్‌ను ముందుకీ వెనక్కీ కదపండి. అలా చేస్తే ఆయిల్ కిందికి దిగిపోయి బేరింగ్ పైభాగం ఎండిపోవడం ఉండదు.