లోడు ట్రక్కుతో ట్రాక్టరును కాలువ కట్ట దించడం ఎలా?

బయలుదేరే ముందు చూసుకోవలసినవి కొన్నే. ట్రక్కు (ట్రాక్టరు వెనుక తగిలించే తొట్టి) టైర్లలో గాలి, వెనుక తలుపుకు ఎర్ర రేడియం స్టిక్కర్లు, ట్రక్కును ట్రాక్టరుకు కలిపే హుక్కు పిన్ను, అది ఎగిరిపోకుండా కింద పెట్టే క్లిప్పు. క్లిప్పు బదులు మేకు వంచి పెట్టడం ఎవరు చేసినా తప్పే. బస్తాలను ఇరుసు మీదుగా, కొద్దిగా ముందుకు మొగ్గేలా పేర్చాలి. బరువు వెనుకకు పడితే ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు తగ్గుతుంది, మరీ ముందుకు పడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పనిచేయదు. కట్టడానికి కొబ్బరి తాడే వాడాలి; నైలాను తాడు ముడి నిలవదు.

దుక్కిలో మలుపు కోసం విడదీసిన కుడి, ఎడమ చక్రాల బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందే లాకు వేసి కలపాలి. విడిగా ఉన్నప్పుడు కంగారులో ఒక్కదాన్నే తొక్కితే బండి ఆ పక్కకు గిర్రున తిరుగుతుంది. మడ్‌గార్డు మీద గానీ, హుక్కు కమ్మీ మీద గానీ ఎవరినీ కూర్చోనివ్వరాదు.

ఇక అసలు పని కట్ట దిగడం. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు కోతల కాలంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నెల్లూరు పుట్టి 850 కిలోలు కనుక అయిదు పుట్ల ధాన్యం ఎక్కిస్తే, ట్రక్కు బరువు కలపకుండానే నాలుగు టన్నులు దాటుతుంది. లాగే ట్రాక్టరు రెండు టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. పైగా మన ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. అంటే వాలులో తనకు రెట్టింపు బరువున్నదాన్ని ట్రాక్టరు ఒక్కటే, అదీ వెనుక చక్రాల బ్రేకులతోనే, ఆపుకోవాలి.

అందుకే కట్ట అంచుకు చేరకముందే, చదునుగా ఉన్నచోట పూర్తిగా ఆగి, లో గేరు వేసుకోవాలి. ఆ లోడుతో ఆ వాలును ఏ గేరులో ఎక్కగలమో, దానికంటే ఒక గేరు తక్కువలోనే దిగాలి. వాలు మొదలైన తరువాత గేరు మార్చరాదు, క్లచ్చి మీద కాలు ఆనించనేరాదు, ఎందుకంటే క్లచ్చి నొక్కిన క్షణమే ఇంజను పట్టు తెగిపోయి మొత్తం బరువు బ్రేకుల మీద పడుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించే కుర్రవాళ్లను నేను సమర్థించలేను. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఇంజను తాగేది ఎలాగూ అతి స్వల్పం.

దిగుతున్నప్పుడు సీటు కింద పిన్ను దగ్గర ‘టక్’మని ఒక కుదుపు తగులుతుంది. అంతవరకు లాగించుకున్న ట్రక్కు ఇప్పుడు తోస్తున్నదని దాని అర్థం. అప్పటినుంచి బ్రేకును ఒక్కసారిగా అదమక, కొద్దికొద్దిగా తొక్కుతూ వదులుతూ, స్టీరింగును తిన్నగా ఉంచాలి. మలుపు ఉంటే వేగం దానికి ముందే తగ్గాలి. మలుపులో బ్రేకు వేస్తే ట్రక్కు పక్కనుంచి తోసి ట్రాక్టరును మడిచేస్తుంది, అప్పుడు డ్రైవరు ఆ రెండింటి మధ్య ఇరుక్కుంటాడు. మడత మొదలైనట్టు తోచి, ముందు దారి ఖాళీగా ఉంటే, బ్రేకు వదిలి కొంచెం యాక్సిలరేటరు ఇవ్వాలి. ట్రక్కు మళ్లీ లాగుడులోకి వచ్చి తిన్నగా అవుతుంది. వాన పడిన నల్లరేగడి కట్ట మీద ఈ ఉపాయమూ పనిచేయదు కాబట్టి, అలాంటి రోజు సగం లోడుతో రెండుసార్లు తిరగడమే పద్ధతి.

దిగాక పెద్ద పనేమీ లేదు. పదహారో నంబరు జాతీయ రహదారిలో ఎడమ అంచునే పోవాలి, డివైడరు సందుల్లో అడ్డంగా దూరరాదు. మిల్లులో పిన్ను తీసే ముందు ట్రక్కు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాలి. ఇటుకలు పనికిరావు, బరువుకు పిండవుతాయి.