అంబాసిడర్ మడ్‌గార్డ్ రంధ్రాలు కలవకపోతే నేను చేసింది

మా అంబాసిడర్ ఎడమవైపు ముందు మడ్‌గార్డ్‌ని తుప్పు తినేసింది. బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లోనే ఈ కారు తయారీ ఆగిపోయింది, ఇక కంపెనీ సరుకు ఎక్కడ దొరుకుతుంది? విజయవాడ ఆటోనగర్‌లో లోకల్ మేక్ ఒకటి కొన్నాను. రంగు వేయకముందే బిగించి చూశాం. బోల్టు రంధ్రాలు కలవలేదు. తలుపు దగ్గర సందు పైన సన్నగా, కింద వేలు పట్టేంత.

కొట్టాయనకి చెబితే, "ఇన్ని అమ్మాను సార్, ఎవరూ ఏమీ అనలేదు. మీ బండి బాడీయే వంగి ఉంటుంది" అన్నాడు. వాదించలేదు. పాత మడ్‌గార్డ్ మళ్లీ పెట్టి చూశాం. తుప్పుదే అయినా బోల్టులన్నీ చేత్తోనే ఎక్కాయి. అంటే బాడీ తిన్నగానే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, టేపుతో కొలిచిన ఫొటోలు చూపించాక ఆయన స్వరం తగ్గింది. డబ్బు వెనక్కి ఇవ్వలేదు గానీ టింకరింగ్ కూలి భరించాడు.

మేస్త్రీ రంధ్రాలను గుండ్రటి ఆకురాయితో కోలగా రాసి, పెద్ద వాషర్లు వేశాడు. తలుపు వైపు అంచుని మాత్రం కోసి, రేకు ముక్క కలిపి వెల్డింగ్ చేయాల్సి వచ్చింది. పుట్టీతో సరిపెడదామన్నాడు, నేను ఒప్పుకోలేదు. మన గుంతల రోడ్లకి మందపాటి పుట్టీ పగిలి ఊడుతుంది. లోపలివైపు కూడా ప్రైమర్ కొట్టించాను, బురద చేరేది అక్కడే.

కుడివైపుది ఇంకో కొట్టులో తీసుకున్నాను. "రేకు నొక్కే అచ్చు అరిగింది, కాస్త టింకరింగ్ పడుతుందండీ" అని ఆయన ముందే చెప్పాడు. పడింది కూడా.