మాటల్లేని గిటారును ఎలా వినాలి

నేను ప్రూఫులు దిద్దే మనిషిని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దీర్ఘాలు, ఒత్తులు, సున్నలు చూడటమే నా పని. ఇంటికి వచ్చి పాట పెడితే చెవి రాగాన్ని వదిలేసి సాహిత్యం వెంట పోతుంది, ఏ అక్షరాన్ని ఎలా పలికారో చూడబోతుంది. అకూస్టిక్ గిటారు ఒక్కటే మోగే సంగీతంలో నాకు ఆ శ్రమ లేదు. అర్థం వెతకనక్కర్లేదు. అయినా పది నిమిషాల్లో మనసు తేలికపడుతుంది, నడుం నిటారు అవుతుంది. పెదవాల్తేరులో మా మేడ మీద ఉండే లెక్కల మాస్టారికి ఒకసారి వినిపిస్తే, "బాగానే ఉందండీ, మరి పల్లవి ఎక్కడ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. మనలో చాలామందికి సంగీతమంటే పాటే. పల్లవి లేని చోట దేన్ని పట్టుకుని వినాలో ఆయనకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పట్టుకోవలసింది వాయించేవారి కుడిచేతి బొటనవేలిని.

గిటారుకు ఆరు తీగలు. లావుపాటి మూడింటిని సాధారణంగా బొటనవేలు మీటుతుంది, సన్నవాటిని మిగతా వేళ్లు చూసుకుంటాయి. వీణ తెలిసినవారికి ఇది కొత్త కాదు. వీణలో స్వరం పలికే తంత్రులు నాలుగైతే, పక్కన తాళానికి మూడు ఉంటాయి. వాటిని చిటికెనవేలితో మీటుతారు. మా అక్క వీణ నేర్చుకునే రోజుల్లో వాళ్ల మాస్టారు కీర్తన కన్నా ముందు ఆ చిటికెనవేలి సంగతే అడిగేవారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో చేసిన వీణ అది; తాళపు తంత్రులు మోగినప్పుడు గది అంతటికీ ఒక ఆధారం దొరికినట్టు ఉండేది. గిటారులో ఆ ఆధారం బొటనవేలిది. అది నిలకడగా నడుస్తుంటేనే పైన వేళ్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. ఈ సంగీతం ఇచ్చే ఉత్సాహం చాలావరకు ఈ ఏర్పాటులోంచే పుడుతుంది.

మొదట ఏం వినాలో ఎంచుకోండి. ఒక్క గిటారు మాత్రమే ఉన్న రికార్డింగు కావాలి. డ్రమ్ములు, కీబోర్డులు, వెనక వానచప్పుడు కలిపినవి వద్దు. ప్రశాంతత కోసమని గంటల కొద్దీ సాగే సంకలనాలు కూడా వద్దని నా అభిప్రాయం. వాటిలో ప్రతి స్వరానికీ ప్రతిధ్వని పూసి, వేలు తీగను తాకిన క్షణాన్ని మాయం చేస్తారు. మనకు కావలసింది ఆ క్షణమే.

బొటనవేలిని స్పష్టంగా వినడానికి అమెరికాలోని కెంటకీ ప్రాంతపు పద్ధతి మంచి పాఠశాల. అక్కడివారైన మెర్ల్ ట్రావిస్ (1917–1983) దీనికి ఎంత పేరు తెచ్చారంటే, ఇప్పటికీ దీన్ని ట్రావిస్ పికింగ్ అనే అంటారు. బొటనవేలు లావు తీగల మధ్య అటూ ఇటూ నడుస్తూ తాళం వేస్తుంది, చూపుడువేలు పైన పాట చెబుతుంది. కుర్రవాడైన చెట్ అట్కిన్స్ (1924–2001) రేడియోలో ఈ వాయిద్యం విని, ఇంత సంగీతం బొటనవేలు, ఒక్క చూపుడువేలితో సాధ్యం కాదనుకుని, ఇంకా ఎక్కువ వేళ్లతో సాధన చేసి తనదైన బాణీ తయారుచేసుకున్నారు. ఆ అట్కిన్స్‌ను చిన్నతనంలో రేడియోలోనే విని ఈ దారి పట్టిన ఆస్ట్రేలియా వాసి టామీ ఎమ్మాన్యుయేల్. ఒక చెవి నుంచి మరో చెవికి సాగిన విద్య ఇది. మాటల్లేని అకూస్టిక్ గిటారు కొత్తగా వినేవారు ఎమ్మాన్యుయేల్‌తో మొదలుపెట్టడం మేలు; ఆయన బొటనవేలు దాక్కోదు.

ఇక ఎక్కడ, దేనితో వినాలి అన్నది. విశాఖలో ఉన్నాం కాబట్టి తెల్లవారి బీచ్ రోడ్డులో నడుస్తూ వినాలనిపిస్తుంది. నడకకు అంతకన్నా మంచి చోటు లేదు, కానీ ఈ సంగీతం మొదటిసారి వినడానికి అది తగదు. గిటారు ఆరో తీగ, అంటే అన్నిటికన్నా లావుది, మామూలు శ్రుతిలో సెకనుకు 82 సార్లు కంపిస్తుంది, అన్నిటికన్నా సన్నదైన మొదటి తీగ 330 సార్లు. అలల హోరులో కింది స్వరాలన్నీ కలిసిపోతాయి, పై స్వరాలే మిగులుతాయి. ఫోను స్పీకరు కూడా అంతే, దాని చిన్న పొర ఆ లోతును బలంగా పలికించలేదు. అంటే బొటనవేలు పోతుంది. సగం సంగీతం విని బాగులేదనుకునే ప్రమాదం ఉంది. ఇంట్లో, కిటికీ తలుపు వేసి, వీలైతే కాసేపు ఫ్యాను ఆపి (మే నెలలో ఇది కష్టమని తెలుసు, తెల్లవారుజామున ప్రయత్నించండి), మామూలు ఇయర్‌ఫోన్లతో వినండి. శబ్దం తక్కువగా పెట్టండి. పక్కగదిలో ఎవరో వాయిస్తున్నంత చాలు.

ఒకే రికార్డింగును వరసగా మూడుసార్లు వినాలి. మొదటిసారి బొటనవేలు తప్ప ఇంకేమీ పట్టించుకోవద్దు. పాట ఎటు పోయినా పోనివ్వండి. ధుం, ధుం అని కింద నడిచే స్వరానికి కాలి బొటనవేలితో తాళం వేయండి. రెండు నిమిషాల్లో అది మీ ఒంట్లోకి వస్తుంది. మాస్టారు లెక్కల మనిషి కనుక ఎన్ని దెబ్బలకు ఒక ఆవర్తనం తిరుగుతోందో వేళ్ల మీద లెక్కపెట్టారు; అదీ మంచి పద్ధతే.

రెండోసారి తాళం వదలకుండా పై స్వరాలు వినండి. అసలు ఆనందం ఇక్కడ ఉంది. పాట స్వరాలు చాలాసార్లు తాళం దెబ్బ మీద పడవు. దెబ్బకూ దెబ్బకూ నడుమ పడతాయి. మన సంగీతంలో తాళం మొదలయ్యాక పాట ఎత్తుకోవడాన్ని అనాగతం అంటాం కదా, ఇక్కడ ఆ తేడా అడుగడుగునా ఉంటుంది. దెబ్బ మీద రావలసింది రాలేదని ఒళ్లు ఒక క్షణం ఎదురుచూస్తుంది, అంతలో స్వరం వచ్చి చేరుతుంది. ఎదురుచూపు, చేరిక, మళ్లీ ఎదురుచూపు. తల ఊగడం, పెదవి మీద నవ్వు రావడం దీనివల్లే. దీనికి వేగం అక్కర్లేదు. నెమ్మదిగా నడిచే వాయిద్యంలో ఈ సంగతి ఇంకా బాగా వినిపిస్తుంది, అందుకే వేళ్ల వేగం చూపించే వీడియోలతో మొదలుపెట్టవద్దంటాను.

మూడోసారి స్వరం ఆరిపోవడం వినండి. మీటిన తీగ గట్టిగా పుడుతుంది, వెంటనే తగ్గడం మొదలవుతుంది. వయొలిన్ లాగా కమానుతో నిలబెట్టే వీలు లేదు. కాబట్టి వాయించేవారు ప్రతి స్వరాన్నీ మళ్లీ మళ్లీ పుట్టించాలి. స్పెయిన్‌కు చెందిన ఫ్రాన్సిస్కో తారెగ (1852–1909) రచనల్లో ఒకే స్వరాన్ని మూడు వేళ్లు ఒకదాని తర్వాత ఒకటిగా వేగంగా మీటుతుంటే, కింద బొటనవేలు తన దారిన నడిచే చోట్లు ఉన్నాయి. ఆరిపోవలసిన స్వరం ఆరకుండా మెరుస్తూ ఉంటుంది. స్వరాల మధ్య కీచుమని వినపడేది ఎడమచేతి వేళ్లు తీగల మీద జారిన చప్పుడు. దాన్ని తప్పుగా ఎంచవద్దు. అక్కడ ఒక మనిషి ఉన్నారని చెప్పేది అదే.

రాగం తెలిసినవారికి ఒక మాట. వీటిలో ఎక్కువ భాగం పాశ్చాత్యుల మేజర్ స్కేలులో ఉంటాయి, అంటే మన శంకరాభరణం స్వరాలే. మ, ని వదిలేస్తే మోహనం. ఆ అంతర గాంధారం దగ్గర చెవి పెట్టండి, వెలుగు అక్కడి నుంచే వస్తుంది. గమకాలు లేవని నిరాశ పడవద్దు. గమకం కావాలంటే, గిటారు మీద హిందుస్తానీ సంగీతం వాయించిన బ్రిజ్ భూషణ్ కాబ్రా రికార్డింగులు ఉన్నాయి. 1967లో శివకుమార్ శర్మ సంతూరుతో, హరిప్రసాద్ చౌరసియా వేణువుతో కలిసి ఆయన చేసిన రికార్డింగు ప్రసిద్ధం. విశ్వమోహన్ భట్ గిటారును మార్చి చేసుకున్న మోహన వీణ ఉంది. అమెరికా గిటారు వాద్యకారుడు రై కూడర్‌తో కలిసి వాయించిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ వచ్చింది. తీగ మీద కడ్డీని జార్చే ఆ పద్ధతిలో ఆనందం మరో తీరుగా వస్తుంది. ముందు బొటనవేలు చెవికి పట్టాక అటు వెళ్లండి.

ఇంట్లో మూలన గిటారు ఉన్నవారు, ఏమీ వాయించడం రాకపోయినా, ఒక పని చేయవచ్చు. వినడం దీనివల్ల చాలా మెరుగుపడుతుంది. మామూలు శ్రుతి నుంచి మూడు తీగలు దించండి (ఇ, డి లాంటివి పాశ్చాత్యుల స్వరాల పేర్లు): ఆరోది ఇ నుంచి డి కి, ఐదోది ఎ నుంచి జి కి, మొదటిది ఇ నుంచి డి కి. ఫోనులో శ్రుతి చూపించే యాప్ ఏదైనా సరిపోతుంది. ఇప్పుడు ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా డి, జి, డి, జి, బి, డి అయ్యాయి. జి ని షడ్జమం అనుకుంటే ప స ప స గ ప. ఎడమచేతితో ఏమీ నొక్కకుండా ఆరు తీగలూ ఒకసారి మీటితే ఇల్లు నిండిపోతుంది. తర్వాత బొటనవేలితో ఐదో తీగ, నాలుగో తీగ, ఐదు, నాలుగు అని నిదానంగా నడిపించండి. అది చేతికి అలవాటయ్యాక, రెండు దెబ్బల మధ్య చూపుడువేలితో రెండో తీగను మీటండి. అంతే. మాస్టారు డెబ్బయ్యో పడిలో మొదటిసారి గిటారు పట్టుకుని ఇది చేశారు, ఆ సాయంత్రం మరి కిందికి దిగలేదు.

మన ఊరి గాలిలో ఉప్పు ఉంది కనుక ఉక్కు తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగల పైనా కిందా తుడిచి, గిటారును సంచిలో పెట్టండి. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగలు పైకి లేచినట్టు అనిపిస్తే అందుకే.

శ్రుతిని తిరిగి మామూలుకు తెచ్చేటప్పుడు ఆరో తీగ, ఐదో తీగ ముందు బిగించండి. మొదటి తీగను చివరికి ఉంచండి. అది అన్నిటికన్నా సన్నది, తుప్పు పట్టి ఉంటే తెగుతుంది. ముఖం పక్కకు తిప్పుకుని, మరను కొద్దికొద్దిగా తిప్పుతూ, మధ్యమధ్య మీటి చూసుకుంటూ ఇ దాకా తీసుకురండి.