టేకు డబ్బాలో గేమ్, మెరుపు గుర్తు పోయిన తీరు

మా నల్గొండ వడ్లాయన దగ్గర మిగిలిన టేకు ముక్కలు తెచ్చి, చేతిలో పట్టేంత గేమ్ డబ్బా చేసిన. లోపల రాస్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాంట్ల పాత గేములు ఆడనిచ్చే రెట్రోపై సాఫ్ట్‌వేర్. గేమ్ మొదలైతే చాలు, స్క్రీన్ మూలకు పసుపుపచ్చ మెరుపు గుర్తు, వెంటనే రీస్టార్ట్.

బ్యాటరీ మార్చినా అంతే. వోల్టేజి 4.63 వోల్టుల కంటే తగ్గితేనే ఆ గుర్తు వస్తది. మల్టీమీటర్ పెట్టి చూస్తే, బ్యాటరీ వోల్టేజిని పెంచే బూస్ట్ బోర్డు దగ్గర 5.1, రాస్‌బెర్రీ పై దగ్గరికొచ్చేసరికి 4.5! దోషమంతా నడుమ వైర్లదే. సన్నవి, పైగా చెక్క అంచుల పొంటి తిప్పి తిప్పి జానెడు పొడుగు పెట్టిన. లావు వైరు రెండంగుళాలే కోసి మళ్లీ సోల్డరింగ్ చేసిన. ఇగ మెరుపు లేదు.

చెక్క వేడిని పోనియ్యదు. 80 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ నెమ్మదిస్తది. అందుకే వెనక పలకకు బెజ్జాలు. వాటి అంచులు వడ్లాయనే నున్నగ గీకిచ్చిండు, చానా అందంగ వచ్చినయి.