వానలు మొదలవకముందే పెద్ద హార్డ్ డిస్కులకు బ్యాకప్ తీసి పెట్టుకోండి

ఈదురుగాలులు, పిడుగులు మొదలైపోయాయి, ఇక జూన్ వచ్చిందంటే కరెంటు పోతూ వస్తూనే ఉంటుంది. పెళ్లి వీడియోలు, పిల్లల ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు అన్నీ ఒకే 4 టీబీ డిస్కులో పెట్టుకున్నవాళ్లు దయచేసి ఈ వారమే బ్యాకప్ సంగతి తేల్చుకోండి.

అంతా క్లౌడ్‌లో పెట్టేద్దామనుకుంటే ముందు లెక్క చూడండి. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ పూర్తిగా అందినా 4 టీబీ ఎక్కడానికి దాదాపు 4 రోజులు ఆగకుండా నడవాలి, మన ఇళ్లలో అంత స్పీడు నిలకడగా రాదు, నెలవారీ డేటా పరిమితి ఒకటి ఉండనే ఉంది. అదే యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టర్నల్ డిస్కుకైతే 10 గంటల్లో అయిపోతుంది. కేబుల్‌ను పాత 2.0 పోర్టుకు పెడితే మాత్రం 30 గంటలు దాటుతుంది, సాధారణంగా లోపల నీలం రంగు ఉన్నదే 3.0 పోర్టు, చూసి పెట్టండి.

అందుకే నా మాట ఒక్కటే: రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. ఒకటి మీ ఇంట్లో, రెండోది వేరే ఏరియాలో ఉన్న అక్క వాళ్లింట్లోనో తమ్ముడి దగ్గరో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, అలాంటప్పుడు కంప్యూటరూ బీరువాలోని డిస్కూ కలిసే మునుగుతాయి. నెలకోసారి ఆ రెండూ మార్చుకుంటే చాలు. మళ్లీ దొరకని ఫోటోలు, కాగితాల వరకు క్లౌడ్‌లో కూడా ఉంచండి.

కంప్యూటర్లో రెండు డిస్కులు రెయిడ్ 1లో (ఒకే డేటా రెండింట్లోనూ ఒకేసారి రాసే ఏర్పాటు) పెట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణంలో రెండోదాంట్లోనూ పోతుంది. కాపీ అయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్కును తీసి పక్కన పెట్టేయండి, తగిలించి వదిలేస్తే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బులడిగే వైరస్) దాన్నీ లాక్ చేసేస్తుంది. 2017 మేలో వానాక్రై అనే అలాంటి వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు స్టేషన్ల కంప్యూటర్లే ఇబ్బంది పడ్డాయి.

కాపీ మొదలుపెట్టే ముందు, డిస్కు పరిస్థితి చూపించే సాఫ్ట్‌వేర్ అయిన క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో పాత డిస్కు ఆరోగ్యం చూడండి. పసుపు రంగు చూపిస్తే మొత్తం ఒకేసారి లాగకుండా అతి ముఖ్యమైనవి ముందు తీసేయండి, టక్ టక్ మని చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి. కొత్త డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు, ఎన్‌టీఎఫ్ఎస్‌లోకి ఫార్మాట్ చేసుకోండి. ఫ్రీఫైల్‌సింక్‌ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌లో మిర్రర్ (ఒక డిస్కును రెండోదానికి అచ్చం నకలుగా మార్చే పద్ధతి) పెట్టేవాళ్లు ఎటునుంచి ఎటు వెళ్తోందో రెండుసార్లు చూసుకోవాలి, తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ ఒరిజినల్ డిస్కును ఖాళీ చేస్తుంది. ముందు కంపేర్ నొక్కి, ఏవి డిలీట్ అవుతాయో జాబితా చదివాకే సింక్ నొక్కండి. అయ్యాక రెండు మూడు పెద్ద వీడియోలు తెరిచి, మధ్యలోకి జరిపి ఆడుతున్నాయో లేదో చూడండి.

ఉరుములు వినిపిస్తే కాపీ ఆపేసి, డిస్కును సేఫ్‌గా ఎజెక్ట్ చేసి, కంప్యూటర్ ప్లగ్గుతో పాటు ల్యాన్ కేబుల్ కూడా పీకేయండి. యూపీఎస్ పిడుగును ఆపుతుందని నమ్మొద్దు. సింక్ సాఫ్ట్‌వేర్ తర్వాత మిగిలినవే ఎక్కిస్తుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

బయట ఇంట్లో పెట్టే డిస్కుకు బిట్‌లాకర్ గానీ వెరాక్రిప్ట్ గానీ (పాస్‌వర్డ్ లేకుండా డిస్కు తెరుచుకోకుండా చేసే సాఫ్ట్‌వేర్లు) పెట్టండి. ఆ పాస్‌వర్డ్, రికవరీ కీ (పాస్‌వర్డ్ మర్చిపోతే తెరిచే కోడ్) కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరికి కూడా చూపించి పెట్టండి, అదే కంప్యూటర్లో మాత్రమే దాస్తే అది పోయిన రోజు ఆ డిస్కు కూడా తెరుచుకోదు.